రంగు తియ్యమంటే వేసినవాడు

రంగు తియ్యమంటే రంగు వేసినవాణ్ణి నేను. ఈ ముక్క ముందే చెప్పేస్తే, ఆ తర్వాత నేను చెప్పే నీతులన్నీ మీరు తగినంత అనుమానంతో చదువుకుంటారు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బోగీలకు రంగులేసే పనిలో నేను చేరింది యాభైల్లో. మాది శ్రీకాకుళం వైపు. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, షాపులో బెంగాలీ. మూడూ వచ్చని అనుకునేవాణ్ణి. అసలు తెలివితక్కువతనం అక్కడే మొదలైంది.

మా ఫోర్‌మన్ ఘోషాల్ బాబు. సన్నటి మనిషి, ముక్కు చివర కళ్ళద్దాలు, మాట తక్కువ, నవ్వు అంతకన్నా తక్కువ. నేను చేరిన కొత్తలో పెద్ద ఆఫీసర్లు తిరిగే పాత సెలూన్ బోగీ తలుపొకటి నా ముందు పెట్టించి, "రొంగ్ తులే దావ్" అని చెప్పి వెళ్ళిపోయారు. రొంగ్ అంటే రంగు. తులి అంటే బ్రష్షు. నేను మొదటిరోజే నేర్చుకున్న బెంగాలీ మాట అది. కాబట్టి, బ్రష్షుతో రంగు ఇవ్వమంటున్నారు. ఇచ్చాను. ఒక పూత ఆరాక ఇంకో పూత కూడా ఇచ్చాను, అడక్కుండానే.

'తులే దావ్' అంటే 'తీసెయ్యి' అని. పాత రంగు గీకేసి, కింది టేకును బయటపెట్టమని ఆయన చెప్పిన మాట.

ఘోషాల్ బాబు వచ్చి చూశారు. తలుపు వైపు చూశారు, నా వైపు చూశారు, నా చేతిలో బ్రష్షు వైపు చూశారు. తర్వాత నవ్వారు. ఆయన అలా నవ్వగలరని షాపులో ఎవరికీ తెలీదు. కళ్ళద్దాలు జారి కిందపడ్డాయి. అవి తీసి తుడుచుకుంటూ, "తులి" అన్నారు.

ఆ రోజు నుంచి నా పేరు తులి. అప్పలనాయుడు అనే పేరు మా నాన్న పెట్టింది. అది జీతం పుచ్చుకునేటప్పుడు తప్ప వినపడటం మానేసింది. తొలి తప్పుకు తులి పేరు అని నన్ను నేనే వెక్కిరించుకునేవాణ్ణి, ఇంకొకరు వెక్కిరించేలోపు.

పని అంటే

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్నడుగుతుంటారు, రంగు గొప్పదా, పాలిష్ గొప్పదా అని. రంగు చెక్క తరఫున మాట్లాడుతుంది. పాలిష్ చెక్కనే మాట్లాడనిస్తుంది. రంగు వేసేవాడు పుటీ పెట్టి గుంటలు పూడుస్తాడు, అతుకులు కప్పుతాడు, ఎండనీ వాననీ ఆపుతాడు. అది చిన్న పని కాదు. పాలిష్ పెట్టేవాడికి ఆ వెసులుబాటు లేదు. అతని కింద ఏముందో అదే పైకి కనిపిస్తుంది. చెట్టుగా ఉన్నన్నాళ్ళూ దాని పూత అదే పూసుకుంటుంది, చెక్క అయ్యాక పూత మన పని. అంతే తేడా.

నాకు పాలిష్ బల్ల దగ్గర కూర్చోవాలని ఉండేది. ఘోషాల్ బాబు రానివ్వలేదు. "తులి చేతికి తులి" అనేవారు. అందుకని టిఫిన్ వేళ డబ్బా తొందరగా ఖాళీ చేసి, పాలిష్ పనివాడు రహీం చాచా పక్కన నిలబడేవాణ్ణి. దూదిని ఉండ చేసి, పల్చటి గుడ్డలో చుట్టి, స్పిరిట్‌లో కరిగించిన లక్కలో ముంచి, చెక్క మీద సున్నాలు చుడుతూ పోవడమే ఆ పని. చూడ్డానికి పిల్లలాట. చేస్తే తెలుస్తుంది. నేను మొదటిసారి చుట్టినప్పుడు, సరిగ్గా వస్తోందా లేదా అని ఒక్క క్షణం చెయ్యి ఆపి చూసుకున్నాను. గుడ్డ అక్కడే అతుక్కుంది.

"చూసుకోవాలని ఆగావా, పోయింది" అన్నాడు చాచా. "హాత్ చల్తా రహే, బేటా." చెయ్యి నడుస్తూనే ఉండాలి.

నలభై రకాల సలహాలు ఇవ్వగలను గానీ, ఈ పనిలో అంతకు మించింది నాకు తెలీదు.

సాల్మన్ గిటారు

సాల్మన్ ఫిట్టరు, న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా క్వార్టర్‌కు రెండు వరసల అవతల ఉండేవాడు. ఆదివారం చర్చిలో వాయించేవాడు, పండగలప్పుడు రైల్వే క్లబ్బు ఇన్‌స్టిట్యూట్‌లో జరిగే డాన్సుల్లో వాయించేవాడు. అతనికున్నది ఒకటే కరెంటు గిటారు. దాని ఒళ్ళు అతని తండ్రి జాకోబు గారు చేసింది. ఆయన షాపులో వడ్రంగి. వేలంలో కొన్న పాత బోగీ బెంచీ పలకను కోసి, చిత్రిక పట్టి, ఆ ఆకారం తీశారు. తీగలు, వాటి కింద మోత పట్టే అయస్కాంతాలు, మిగతా సరంజామా ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఇచ్చి వెళ్ళాడు. భుజానికి తగిలించుకుంటే బోగీనే మోస్తున్నట్టు ఉండేదని సాల్మనే అనేవాడు.

ఒక సాయంత్రం షాపు గేటు దగ్గర నన్ను ఆపాడు. గిటారు గుడ్డలో చుట్టి ఉంది.

"నాయుడన్నా, దీని నల్లరంగు తీసేసి కర్ర కనిపించేలాగ సెయ్యాల."

షాపు మనుషుల్లో నన్ను నాయుడు అని పిలిచేది అతనొక్కడే.

"ఏటిరా, నల్లగా నిగనిగలాడతంది గదా?"

"కుర్రతనంలో ఫేషనని నేనే ఎనామిల్ కొట్టించినానన్నా. అయ్య ఏటీ అనలేదు. సూసి ఊరుకున్నాడు, అంతే. ఆయన పోయినాక ఇది ముట్టుకున్నప్పుడల్లా రంగే తగుల్తంది గానీ ఆయన పని తగల్డం లేదు. ఈ కిస్మస్ డాన్సుకి కర్రలాగే స్టేజీ ఎక్కాల."

ఘోషాల్ బాబు సైకిల్ నడిపించుకుంటూ అటే వస్తున్నారు. ఆగి, గుడ్డ తొలగించి చూశారు.

"ఇది తులికి ఇస్తున్నావా?" అన్నారు హిందీలో. "తియ్యమంటే ఇంకో పూత వేస్తాడు. నా పాలిష్‌వాళ్ళకివ్వు."

గేటు దగ్గర నలుగురూ నవ్వారు. సాల్మన్ గుడ్డ మళ్ళీ కప్పేశాడు. "లేదు బాబూ, నాయుడన్నే చేస్తాడు" అన్నాడు.

నాకెక్కణ్ణుంచి వచ్చిందో ధైర్యం, "చెక్క బయటికొస్తే ఏం చేస్తారు బాబూ?" అని అడిగాను.

ఆయన నన్ను పైనుంచి కిందకి చూశారు. "తొఖొన్ నాయుడు బొల్బో" అన్నారు. అప్పుడు నాయుడు అని పిలుస్తాను.

ఇంటికొచ్చి మా ఆవిడ సింహాచలానికి చెప్పాను. అప్పటికి ఖరిదా బజార్లో కూరగాయలమ్మే వాళ్ళందరూ ఆమెను 'తులి బౌది' అని పిలుస్తున్నారు. బౌది అంటే వదిన.

"నువ్వు తులివైతే అయినావు. నన్నెందుకు తులి బౌదిని సేసినావు?" అంది. "సెయ్యి మావా. ఆ పేరేదో ఎనక్కి తే. పేరు తెచ్చుకోడమంటే అందరికీ కొత్తది తేడం, నీకు ఉన్నది తేడమే సాలు."

మా ఇంట్లో మాటలతో ఆడుకునే అలవాటు నాది మాత్రమే కాదు.

నల్ల మూల

సాల్మన్ లోపలి తీగలూ మరలూ అన్నీ విప్పి పట్టుకుపోయాడు. చెక్క మాత్రం మా వరండాలో ఉంది. డ్యూటీ నుంచి వచ్చి, మొహం కడుక్కుని, దాని ముందు కూర్చునేవాణ్ణి.

ఇప్పుడు నా రెండో తెలివితక్కువతనం. అప్పటికి మా షాపుకి ఇనుప బోగీలు వస్తున్నాయి. ఇనుము మీద పాత రంగు తియ్యాలంటే కాస్టిక్ నీళ్ళు కొట్టి, ఉబ్బిన రంగును గీకెయ్యడమే. చెయ్యి దానికి అలవాటు పడిపోయింది. మలంచా పేటలో ఒక కొట్లో కాస్టిక్ కొని తెచ్చి, గిటారు కింది మూలన కాస్త రాశాను. రంగు ముడతలు పడి అందంగా లేచింది. లేచినచోట టేకు బొగ్గులా నల్లబడిపోయింది.

ఇనుముకు మందు, టేకుకు మంట. నల్లరంగు తీసి నల్లచెక్క చేసిన ఘనత లోకంలో నాదొక్కడిదేమో.

చాలాసేపు దాని ముందు కూర్చున్నాను. సాల్మన్ తండ్రి చేతిపని అది. ఇంకో పలక తెచ్చి చేద్దామంటే అయ్యేది కాదు. సింహాచలం బియ్యం చాటతో బయటికొచ్చి చూసింది.

"కాస్టికా?"

"ఊఁ."

"ఇత్తడి సెంబు నల్లబడితే ఏటి సేత్తాను నేను? సింతపండెట్టి తోమి సూడు."

"ఇది సెంబేటే?"

"సెంబు కాదని దానికి తెల్దు గదా."

మర్నాడు రహీం చాచాని అడిగితే, ఆమె చెప్పింది సరైనదే అన్నాడు. పులుపు కాస్టిక్‌ను చంపుతుందట. చింతపండు గుజ్జు రాసి, తుడిచి, మంచినీళ్ళతో కడిగి, ఎండ తగలని చోట ఆరబెట్టాను. బొగ్గు నలుపు కాఫీ రంగయింది. ఇంకోసారి చేశాను. లేత గోధుమరంగు వైపు తిరిగింది. బొటనవేలు పట్టేంత నీడ మాత్రం మిగిలిపోయింది. ఎన్నిసార్లు తోమినా కదల్లేదు. ఇంకా తోమితే చెక్క పీచు లేస్తుందని చాచా ఆపమన్నాడు.

మిగతా ఒళ్ళంతటికీ మందు ముట్టలేదు. అంచు పదునుపెట్టిన రేకు ముక్కతో పొడిగా గీకడమే. రోజూ అరచెయ్యంత మేర. గబగబా పోతే రేకు చెక్కలోకి దిగుతుంది. తొందరలో ఒకచోట గరుకు కాగితం చెక్క గీతలకు అడ్డంగా రుద్దాను. అడ్డగీట్లు పడ్డాయి. సాల్మన్ చూసి, "ఏటన్నా ఇది?" అన్నాడు.

"గిటారు" అన్నాను.

"ఎవరు గీటారు?"

"నేనే గీటాను. ఇంక గీటను."

ఆ గీట్లు పోగొట్టడానికి, చెక్క ఎటు పారితే అటే నిదానంగా రుద్దుకుంటూ, పైపొర మొత్తం మళ్ళీ దింపాల్సి వచ్చింది. పిల్లలకు చెప్పేదేమిటంటే, అడ్డంగా పడిన గీత పొడిగా ఉన్నప్పుడు దాక్కుంటుంది. లక్క తగిలాక లేచి నిలబడి మీ పేరు చెప్తుంది. నా విషయంలో ఆ పేరు కూడా తప్పుగా చెప్పేది.

రంగంతా పోయాక, నడుమ రెండుచోట్ల చిన్న గుండ్రటి బిళ్ళలు కనిపించాయి. పలక బెంచీగా ఉన్నప్పటి స్క్రూ రంధ్రాలవి. జాకోబు గారు అవి పుటీతో పూడ్చలేదు. అదే టేకులోంచి బిళ్ళలు చెక్కి, వడ్రంగులు వజ్రం అనే బంకతో దిగేశారు. బిళ్ళ మీది గీత పలక మీది గీతతో కలిసి పారేలా తిప్పి మరీ పెట్టారు. నల్ల ఎనామిల్ కింద ఎవరికీ కనిపించని పని. సాల్మన్ వేలితో ఒక బిళ్ళ చుట్టూ నిమిరాడు.

"ఇలాటిది ఎట్టినాడని నాకు తెల్దన్నా" అన్నాడు. రెండో బిళ్ళ కూడా తడిమి, "నిజంగా వజ్రమే ఎట్టినాడు" అన్నాడు.

ఇంక లక్క పట్టించడమే మిగిలింది. నాకు ఒక ఆలోచన పుట్టిందీ అప్పుడే. లక్కలో కాస్త ముదురు రంగు కలిపి మొత్తం ఒళ్ళు ముదురు చేసేస్తే, మూలన ఆ నీడ కలిసిపోతుంది. ఘోషాల్ బాబు కళ్ళద్దాలు ఎక్కడ పెట్టి చూసినా దొరకదు. నా పేరు నాకొచ్చేస్తుంది. రంగుపొడి చిన్న మూటలో తెచ్చి పెట్టుకున్నాను కూడా.

సాల్మన్‌కు చెప్పాను. "నీ ఇష్టమన్నా" అన్నాడు.

నా ఇష్టమే అయితే కష్టం. ముదురు చేస్తే నీడతోబాటు బిళ్ళల మీది గీతలూ మునుగుతాయి. రంగు తియ్యమని ఇచ్చిన చెక్కకు మళ్ళీ రంగు వేసి, నా పేరు తులి కాదని నిరూపించుకోవాలి. ఆ లెక్కన నాకంటే పెద్ద తులి ఉండడు. మూట సింహాచలానికిచ్చి ఎక్కడైనా పడెయ్యమన్నాను.

"నీడ కనబడతది మావా" అంది.

"కనబడనీ."

స్పిరిట్ గుడ్డతో టేకు జిడ్డు తుడిచి, వట్టి లక్క పట్టించాను. చెయ్యి ఆపలేదు. ఒక్కో పొర ఆరేకొద్దీ చెక్కలోంచి తేనెరంగు పైకొచ్చింది. బెంచీ పలకగా దాని మీద ఎందరు కూర్చున్నారో గానీ, అది లోపల అంత అందంగా ఉందని వాళ్ళెవరికీ తెలిసుండదు. మూలన నీడ అలాగే ఉంది.

ఇన్‌స్టిట్యూట్‌లో

క్రిస్మస్ డాన్సు సాయంత్రం ఘోషాల్ బాబు ఇస్త్రీ చొక్కాతో ముందే వచ్చారు. సాల్మన్ స్టేజీ ఎక్కబోతుంటే, గిటారు ఇటివ్వమన్నారు. దీపం దగ్గరకు పట్టుకెళ్ళి, వెనకా ముందూ తిప్పి చూశారు. బిళ్ళల దగ్గర ఆగారు. "జాకోబ్" అన్నారు మెల్లగా. పనివాడి చెయ్యిని చూసి గుర్తుపట్టగల మనిషి ఆయన. అది నేను ఒప్పుకుని తీరాలి. నన్ను ఏడిపించారు గాబట్టి పని తెలీనివాడని రాయడం సులువే, కానీ అబద్ధం.

తర్వాత కింది మూల చూశారు. బొటనవేలు సరిగ్గా ఆ నీడ మీద పెట్టారు.

"భాలో. ఖూబ్ భాలో" అన్నారు. వెంటనే, "కింతు పురో ఓఠే నీ, తులి." బాగుంది, కానీ పూర్తిగా లేవలేదు.

చుట్టూ మా షాపు వాళ్ళున్నారు. ఎవరూ నవ్వలేదు. అది ఇంకా బాధనిపించింది.

"రంగు లేచింది బాబూ. అది చెక్కలోదే" అన్నాను.

"చెక్కలోకి పంపింది ఎవరు?"

న్యాయంగా ఆయనే గెలిచారు.

సాల్మన్ వాయించాడు. ఆంగ్లో ఇండియన్ జంటలు చెక్క నేల మీద తిరుగుతుంటే, దీపాల కింద ఆ తేనెరంగు వెలుగుతూ ఉంది. వాద్యం దాని రంగును బట్టి మోగదని నాకు తెలుసు. అయినా కిందటేడు కన్నా బాగా మోగిందనే నా అభిప్రాయం. దిగి వచ్చాక సాల్మన్ నా చెవిలో అన్నాడు, "ఆ మచ్చ మీదే మోచెయ్యి ఆన్చి వాయించినానన్నా. ఎవులికీ కనబళ్ళేదు."

"కనబడితే మాత్రమేటి?" అన్నాను. అన్నాను గానీ, ఇంటికి నడుస్తున్నంతసేపూ కాలి కింద రాళ్ళను తన్నుకుంటూనే వచ్చాను. సింహాచలం పుల్లటి చారు పెట్టింది, చింతపండు మిగిలిందని.

ఆ ఏడాది నుంచి టిఫిన్ వేళ దొంగతనంగా కాకుండా, పాలిష్ బల్ల దగ్గర బాహాటంగా నిలబడ్డం మొదలుపెట్టాను. ఘోషాల్ బాబు చూసీ చూడనట్టు పోయేవారు. కొన్నాళ్ళకు ఏ బల్లా, ఏ తలుపూ నేచురల్‌గా, అంటే చెక్క కనిపించేలా, చెయ్యాలన్నా నా వైపే తోసేవారు. పిలవడం మాత్రం తులి అనే పిలిచేవారు. నేనూ వదల్లేదు. పని వదల్లేదు, పేరూ వదల్లేదు. సమయం కోసం చూస్తున్నాను.

బోర్డు

ఘోషాల్ బాబు రిటైరయ్యే రోజులొచ్చాయి. ఆయన గది బయట టేకు బోర్డొకటి వేలాడేది. ముదురు రంగు మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో ఆయన పేరు, పేరు కింద హోదా. ఏటా దానికి కొత్త పూత పడేది. ఆయన అది దింపించి, స్వయంగా మోసుకొచ్చి, నా బల్ల మీద పెట్టారు. ఇంటికి తీసుకెళ్ళి గుమ్మానికి తగిలించుకుంటారట.

"సాల్మన్ గిటారులా కావాలి. నేచురల్" అన్నారు. కళ్ళద్దాల పైనుంచి చూసి, ఒక్కో మాటా విడదీసి పలికారు. "రొంగ్ తులే దావ్. ఎబార్ పురో." ఈసారి పూర్తిగా.

"ఆచ్ఛా బాబూ" అన్నాను.

అంతకంటే శ్రద్ధగా నేను ఏ పనీ చెయ్యలేదు. కాస్టిక్ ముట్టలేదు. రేకుతో పొడిగా గీకాను, చెక్క పారిన వైపే రుద్దాను, లక్క పట్టించాను, చెయ్యి ఆపలేదు. నీడ లేదు, గీటు లేదు, మచ్చ లేదు. రహీం చాచా అప్పటికి పని మానేశాడు. ఉంటే చూపించేవాణ్ణి.

ఆఖరిరోజు మధ్యాహ్నం ఘోషాల్ బాబు వచ్చారు. వెనకాల షాపు సగం వచ్చింది. బోర్డు చేతుల్లోకి తీసుకున్నారు. ముందువైపు చూశారు. వెనకవైపు తిప్పి చూశారు. మళ్ళీ ముందుకు తిప్పారు. టేకు అద్దంలా మెరుస్తోంది, అందులో ఆయన మొహం కూడా కాస్త కనిపిస్తోంది. కనిపించనిది ఒకటే.

"ఆమార్ నామ్ కోథాయ్?" అన్నారు. నా పేరేది?

"పేరు కూడా రంగే కదా బాబూ" అన్నాను. "పురో తులే దియేఛి." పూర్తిగా తీసేశాను.

ఆయన బోర్డు వైపు చూశారు, నా వైపు చూశారు, ఖాళీగా ఉన్న నా చేతుల వైపు చూశారు. తర్వాత నవ్వారు. మొదటి రోజు నవ్విన నవ్వే. కళ్ళద్దాలు మళ్ళీ జారాయి. ఈసారి నేను పట్టుకున్నాను.

"సరే, రాయి" అన్నారు ఊపిరి తీసుకుని.

"ఎలా రాయను బాబూ? తులి కావాలి."

నేను కదల్లేదు. ఆయనే రంగుల బల్ల దాకా నడిచి, సన్న బ్రష్షొకటి ఏరి, నూనెలో కడిగి, సొంత జేబురుమాలుతో తుడిచి తెచ్చారు. నా ముందు పట్టుకున్నారు.

"నావ్, నాయుడు" అన్నారు. తీసుకో, నాయుడు.

తీసుకున్నాను. ఆయన పేరు మొదలుపెట్టాను. బోగీల మీద అక్షరాలు రాసి రాసి పండిన చెయ్యి నాది, చిటికెలో అయిపోయే పని. కానీ మొదటి అక్షరం ఆరాక గానీ రెండోది ఎత్తుకోలేదు. పక్కన బెంచీ ఉంది. కూర్చోమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. సాయంత్రం సైరన్ మోగేదాకా ఘోషాల్ బాబు అలా నిలబడే ఉన్నారు, తన పేరు తనకొచ్చేదాకా.